పక్కింటి తరం

మా మనవరాలికీ నాకూ ఎప్పుడూ పేచీ రాదు. మా అమ్మాయికీ నాకూ పేచీ రాని వారం ఉండదు. ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదని నాకు తెలుసు. మీ ఇంట్లోనూ ఓసారి పరీక్షగా చూడండి. అమ్మమ్మకూ మనవరాలికీ మధ్య ఎప్పుడూ గుసగుసలే, నవ్వులే. తల్లీ కూతుళ్ల మధ్య మాత్రం తలుపులు కాస్త గట్టిగా చప్పుడవుతుంటాయి. దూరపు చుట్టంతో ఎవరికీ సరిహద్దు తగాదా ఉండదు. గోడ ఉమ్మడిగా ఉన్న పక్కింటివాళ్లతోనే ఉంటుంది. తరాలూ అంతే. మన పేచీ అంతా పక్కింటి తరంతోనే.

పోయిన వేసవిలో అమ్మాయీ, మనవరాలూ నా దగ్గరికి వచ్చారు. మనవరాలికి ఉన్నట్టుండి ఒక బుద్ధి పుట్టింది. పాత ఇనప్పెట్టెలో ఉన్న కాగితాలన్నీ సెల్‌ఫోన్లో ఫొటోలు తీసి భద్రపరుస్తానంది. పెళ్లి శుభలేఖలూ, జాతకాలూ, రేషను కార్డులూ ఒక్కొక్కటే పైకి తీస్తోంది. వాటి మధ్య నించి 2009 నాటి ఒక దస్తావేజు నకలు బయటపడింది. హక్కు విడుదల పత్రం. అంటే మా నాన్నగారి నాలుగెకరాల మాగాణిలో నాకు రావలసిన వాటాను అన్నయ్యకీ తమ్ముడికీ వదిలేస్తూ నేను చేసిన సంతకం.

మా అమ్మాయి దాన్ని చేతిలోకి తీసుకుని రెండుసార్లు చదివింది.

"ఎంత తేలిగ్గా సంతకం పెట్టేశావమ్మా!" అంది.

"పుట్టింటివాళ్ల దగ్గర లెక్కలేమిటే?" అన్నాను.

"మరి నీ ఇంటి కాగితం కూడా ఇలాగే రాస్తావా?"

నేను జవాబు చెప్పకుండా కాఫీ పెట్టే వంకతో లేచాను. ఎందుకంటే ఆ కాగితం అప్పటికే రాసేసి ఉంది. ఉద్యోగం చేసి, అప్పు తీర్చి కొనుక్కున్న ఇల్లు నాది. దాన్ని అబ్బాయి పేర వీలునామా రాసి బీరువాలో పెట్టి మూడేళ్లయింది. అమ్మాయికి పెళ్లప్పుడు పెట్టాల్సింది పెట్టాం కదా అనుకున్నాను. ఈ సంగతి మీకు చెబుతున్నాను గాని, ఆ పూట దానికి చెప్పలేదు.

రాత్రి మనవరాలు నా పక్కన పడుకుని అడిగింది. "అమ్మమ్మా, మా అమ్మ నీతో దెబ్బలాడుతుంది సరే. నువ్వు మీ అమ్మతో దేనికి దెబ్బలాడేదానివి? ఆవిడ వాళ్లమ్మతో దేనికి దెబ్బలాడింది?"

నిద్ర పట్టలేదు. లెక్కపెట్టుకుంటూ వెనక్కి వెళ్లాను.

మా అమ్మమ్మ పెళ్లి 1930లో, ఫాల్గుణ మాసంలో జరిగింది. అప్పుడామెకు తొమ్మిదేళ్లు. ఆ తొందరకు కారణం ఢిల్లీలో ఉంది. హర్‌బిలాస్ శారదా ప్రవేశపెట్టిన బాల్యవివాహ నిరోధక చట్టం 1929 సెప్టెంబరులో శాసనసభ దాటింది. ఆడపిల్లకు పద్నాలుగేళ్లూ, మగపిల్లవాడికి పద్దెనిమిదేళ్లూ నిండకుండా పెళ్లి చేస్తే నేరం అంది. అయితే అది అమల్లోకి వచ్చేది 1930 ఏప్రిల్ 1 నించి. చేతిలో ఆరు నెలల గడువుంది. ఇంకేం! దేశమంతటా పెళ్లిళ్ల జాతర మొదలైంది. చట్టం పిల్లల పెళ్లిళ్లు ఆపడానికి పుట్టింది. పుట్టగానే చేసిన మొదటి పని లక్షల పిల్లల పెళ్లిళ్లు తొందరపెట్టడం. 1931 జనాభా లెక్కల్లో పదిహేనేళ్లలోపు పెళ్లికూతుళ్ల సంఖ్య అంతకుముందు కంటే బాగా పెరిగి కనిపించిందంటే, కారణం ఆ ఆరు నెలలే.

అమ్మమ్మకు గుర్తున్నదల్లా ఒకటే. ఆ నెలలో సన్నాయివాళ్లు దొరక్క, ఒకే మేళం ఒక ఊళ్లో మాంగల్యధారణ వాయించి, బండెక్కి మరో ఊరికి పరిగెత్తిందట. తాను బుట్టలో నిద్రపోయిందట.

అమ్మమ్మ చెల్లెలు మాత్రం అప్పటికి మరీ పసిది. ఆమెకు పదేళ్లు వచ్చేసరికి చట్టం బాగా అమల్లో ఉంది. చట్టం ఉల్లంఘిస్తే నెల రోజుల జైలూ, వెయ్యి రూపాయల దాకా జరిమానా. అంచేత పెళ్లివారంతా యానాం బయల్దేరారు. యానాం అప్పుడు ఫ్రెంచివారిది. ఇంగ్లీషువాళ్ల చట్టం అక్కడ చెల్లదు. గోదావరి జిల్లాల నించి పిల్లల్ని ఎత్తుకుని ఎంతమంది అక్కడికి పోయి పెళ్లిళ్లు చేసుకొచ్చారో లెక్కలేదు. ఆ ఊరికి కల్యాణపురం అని పేరు కూడా ఉంది మరి. మా చిన్నమ్మమ్మ పెళ్లి ఫ్రెంచి జెండా నీడలో జరిగింది. "నాది సీమ పెళ్లే" అని ముసలితనంలో కూడా నవ్వించేది.

ఈ హడావుడి చేసిన మా తాతమ్మను, అంటే అమ్మమ్మ తల్లిని, నేను చాలాకాలం కసాయిదనుకున్నాను. తొమ్మిదేళ్ల పిల్లను కట్టబెట్టడానికి చేతులెలా వచ్చాయీ అని. తరవాత ఆమె పెళ్లి కథ విన్నాను. తాతమ్మ పెళ్లికి వాళ్ల నాన్న వరుడి దగ్గర రొక్కం పుచ్చుకున్నాడు. ఆ వరుడికి ఆమె కంటే ముప్ఫయ్యేళ్లు పెద్ద వయసు. అది కన్యాశుల్కం రోజుల తోక. గురజాడ అప్పారావుగారు ఆ దురాచారం మీద నాటకం రాసి 1892లో విజయనగరంలో ఆడించి, 1897లో అచ్చువేసి, 1909లో మళ్లీ తిరగరాశారంటే ఆ జబ్బు ఎంత గట్టిదో చూడండి. అలా అమ్ముడుపోయిన తాతమ్మ తన కూతురికి ఏం కోరుకుంది? ఒకే ఒక్కటి. ఈడైన వరుడు. అమ్మమ్మకు తెచ్చిన పెళ్లికొడుకు పదహారేళ్లవాడు, కాకినాడలో చదువుకుంటున్నవాడు. అతనికి వీళ్లే ఎదురు కట్నం ఇచ్చారు. ఒక్క తరంలో డబ్బు ప్రవాహం దిశ మార్చుకుంది. ఇంగ్లీషు చదువూ, సర్కారు కొలువూ వచ్చి వరుడి ధర పెంచేశాయి. కూతుర్ని అమ్మిన ఇంట్లోనే అల్లుణ్ణి కొనవలసి వచ్చింది. అయినా తాతమ్మ దృష్టిలో అది గెలుపు. తన కూతురు ముసలివాడి పాలబడలేదు. అంతకు మించి ఆమె కోరలేదు. తొమ్మిదేళ్లు చిన్న వయసని ఆమెకు తోచనేలేదు.

ఇక్కడే నాకు మొదటిసారి ఒక సంగతి తట్టింది. ప్రతి తరమూ ఒక్క మెట్టు కోసం ప్రాణం పెట్టి పోరాడుతుంది. ఆ మెట్టు ఎక్కాక అక్కడే కూర్చుని, ఇదే డాబా అనుకుంటుంది.

పెద్దవాళ్లూ దీనికి తప్పలేదు. వీరేశలింగం పంతులుగారిని తలుచుకోండి. 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టిన మనిషి. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించిన మనిషి. ఊరు వెలివేసినప్పుడు వంటవాళ్లు రాలేదు, నీళ్లు మోసేవాళ్లు రాలేదు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నించి నీళ్లు మోసి, వంట చేసి ఆ పెళ్లి దాటించారు. సంస్కరణ అంటే మనకు ఉపన్యాసాలు గుర్తొస్తాయి గాని, బిందెలు గుర్తురావు. అంతటి పంతులుగారు ఆడవాళ్ల కోసం 1883లో ఒక పత్రిక పెడితే, దాని పేరు సతీహితబోధిని. పేరులోనే ఉంది చూడండి, సతులకు హితం బోధించేది అని. ఆయన కోరిన చదువుకున్న స్త్రీ మంచి ఇల్లాలు. మూఢాచారాలు వదిలి, ఇల్లు దిద్దుకుని, భర్తకు అనుకూలంగా ఉండే మనిషి. ఆ కాలానికి అది చాలా పెద్ద కోరిక. ఆయనకు అదే డాబా.

తరవాత తరం ఆడమనిషి భండారు అచ్చమాంబగారు. ఆయన ధవళేశ్వరంలో బడి పెట్టిన 1874లోనే పుట్టారు. చిన్నతనంలో పెళ్లయింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారి పక్కన కూర్చుని చదువు నేర్చుకున్నారు. ఆడవాళ్లు బుద్ధిలోనూ బలంలోనూ మగవాళ్లకు తీసిపోతారనే మాట తప్పని చూపడానికి, గొప్ప స్త్రీల చరిత్రలు వెతికి వెతికి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసి 1901లో వెలువరించారు. పంతులుగారు ఆడవాళ్లకు చెప్పవలసిన మాటలు రాశారు. ఈవిడ ఆడవాళ్ల తరఫున చెప్పవలసిన మాటలు రాసింది. ఒకే దారి, రెండు మెట్లు.

మగవాళ్లలో ఈ మెట్ల కథ ఇంకా తమాషాగా ఉంటుంది. కాకినాడ పిఠాపురం రాజావారి కాలేజీకి ప్రిన్సిపాలుగా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు పరమ పవిత్రులు. పెళ్లిళ్లలో భోగం మేళాలు పెట్టకూడదని ఉద్యమం నడిపినవారు. తెల్లని బట్టలు, తెల్లని జీవితం. ఆయన కాలేజీలో చదువుకుని, ఆ బ్రహ్మసమాజపు గాలి పీల్చి, జంధ్యం విడిచిన కుర్రాళ్లలో ఒకడు గుడిపాటి వెంకటచలం. 1920ల చివర అతను 'మైదానం' రాశాడు. గురువులు స్త్రీని నీతి కోసం విముక్తి చేద్దామన్నారు. శిష్యుడు ఆ నీతి నించే విముక్తి చేద్దామన్నాడు. సంస్కర్తల ఇళ్లలోనే ఆ పుస్తకాలు దాచిపెట్టి చదివారంటే ఆశ్చర్యం లేదు. కథ అక్కడితో అయిపోయిందా? చలంగారి కూతురు సౌరిస్ ఆధ్యాత్మికం వైపు నడిచింది. ఏ కట్టుబాట్లనూ ఒప్పని చలంగారు 1950లో అరుణాచలం చేరి, 1979లో పోయేదాకా రమణాశ్రమం నీడలోనే ఉండిపోయారు. పిల్లలు మన దారినే ఇంకా ముందుకు పోతారనుకుంటాం. వాళ్లు పక్క సందులోకి తిరుగుతారు. ఒక్కోసారి మనల్ని కూడా చెయ్యి పట్టుకుని ఆ సందులోకే తీసుకుపోతారు.

ఇక మా ఇంటికి వస్తాను. అమ్మమ్మకు పెళ్లయ్యాకే చదువొచ్చింది. తాతయ్య పాత పుస్తకాలూ, మద్రాసు నించి కేసరిగారు నడిపే గృహలక్ష్మి సంచికలూ ఆమె బడి. 1928లో మొదలైన ఆ పత్రిక రచయిత్రులకు స్వర్ణకంకణం బహూకరించేదని చెప్పేటప్పుడు, అమ్మమ్మ తన చేతికేదో తొడిగినట్టు మురిసిపోయేది. ఆమె తన కూతురి కోసం, అంటే మా అమ్మ కోసం, రెండు పట్టుదలలు పట్టింది. ఒకటి, ఈడేరక ముందే పెళ్లి చెయ్యకూడదు. రెండు, థర్డ్ ఫారం దాకా చదివించాలి. రజస్వల అయిన పిల్ల ఇంట్లో ఉందంటే మా వాళ్లలో అప్పటికింకా తల దించుకునేవారు. అత్తగారు మూడు నెలలు అమ్మమ్మతో మాట మానేసిందట. అమ్మమ్మ లొంగలేదు. 1949లో ఆడపిల్ల పెళ్లి వయసు పదిహేనుకు పెంచారు. మా అమ్మ పెళ్లి 1952లో, సరిగ్గా పదిహేనేళ్లు నిండాక జరిగింది.

అటువంటి అమ్మమ్మ, మా అమ్మ నవల చేత్తో పట్టుకుంటే మండిపడేది. "చదువు చెప్పించింది భాగవతం చదువుకోమని. ఈ కథల పుస్తకాలు చదవమనా? నీకోసం నేనెంత పోరాడానో తెలుసా?" అనేది.

ఆ ఆఖరి మాట గుర్తుపెట్టుకోండి. మళ్లీ వస్తుంది.

మా అమ్మ నా కోసం ఏం పోరాడిందంటే, డిగ్రీ. స్కూలు ఫైనలు కాగానే సంబంధాలు చూద్దామన్నారు నాన్నగారు. అమ్మ రెండు పూటలు అన్నం మానేసింది. నన్ను కాకినాడలో హాస్టల్లో పెట్టి బి.ఏ. చదివించింది. తన గొలుసు తాకట్టు పెట్టి ఫీజు కట్టిన సంగతి నాకు చాలా ఏళ్ల తరవాత గాని తెలియలేదు. ఆ రోజుల్లో అమ్మకు యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' అంటే ప్రాణం. ఆఫీసులో ఆత్మగౌరవంతో ఉద్యోగం చేసే జయంతిని గురించి, పక్కింటి అమ్మాయిని గురించి మాట్లాడినట్టు మాట్లాడేది. నేను 1974లో డిగ్రీ పూర్తి చేసి, పరీక్ష రాసి, ఒక ఆఫీసులో గుమాస్తాగా నియామకం కాగితం తెచ్చి చూపించాను. జయంతికి చప్పట్లు కొట్టిన మా అమ్మ ఆ కాగితం చూసి నెత్తి కొట్టుకుంది.

"నవల్లో పిల్ల ఉద్యోగం చేస్తే బాగుంటుందే. మనింట్లో పిల్ల మగవాళ్ల మధ్య కూర్చుని పనిచేస్తానంటే ఎవరు చేసుకుంటారు? నీకోసం నేనెంత పోరాడానో తెలుసా?"

నేను ఏడ్చి, అలిగి, చివరికి చేరాను. మూడేళ్ల తరవాత పెళ్లయింది. జీతం ఉన్న పిల్ల అని కట్నంలో వెయ్యి తగ్గించారు. వరకట్నం పుచ్చుకోవడం నేరమని 1961లోనే చట్టం వచ్చిందనుకోండి. ఆ చట్టం గురించి పెళ్లిచూపుల్లో ఎవరూ ప్రస్తావించలేదు, నేను కూడా.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నేను చెబుతున్నదంతా మా బోటి ఇళ్ల కథ. గడప లోపల కూర్చోబెట్టి, కూర్చోవడమే గౌరవమన్న ఇళ్ల కథ. మా చేలో ఊడ్పులు ఊడ్చే ఆడవాళ్లకు "ఉద్యోగం చెయ్యవచ్చునా" అన్న ప్రశ్నే లేదు. వాళ్లు తరతరాలుగా చేస్తూనే ఉన్నారు. వాళ్ల తల్లులు కూతుళ్ల కోసం పోరాడినవి వేరే మెట్లు: నిండు కూలి, బడి, కాసింత సొంత జాగా. మేము మెట్లెక్కుతున్నామని మురిసిపోయేటప్పుడు ఆ మెట్లను ఎవరు ఊడ్చి ఉంచారో చూసుకోలేదు. మా అమ్మాయి ఆ మాట కూడా నాతో అంది. ఒప్పుకున్నాను.

మెట్లు అందరూ ఒకే వేగంతో ఎక్కరు కూడా. దుర్గాబాయిగారు మా గోదావరి తీరంలోనే, రాజమండ్రిలో 1909లో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. కాస్త జ్ఞానం వచ్చాక ఆ కాపరం నాకు వద్దని చెప్పేసింది. కన్నవాళ్లు ఆమె వెనక నిలబడ్డారు. 1923 కాకినాడ కాంగ్రెసు నాడు స్వచ్ఛందసేవికగా నిలబడి, టిక్కెట్టు లేదని నెహ్రూగారినే ప్రదర్శన లోపలికి వెళ్లనివ్వలేదు. తరవాత ఆంధ్ర మహిళా సభ పెట్టారు, రాజ్యాంగ సభలో కూర్చున్నారు. ఆమెకూ మా అమ్మమ్మకూ పన్నెండేళ్లే తేడా. ఒకే నది నీళ్లు తాగారు. అంచేత తరమంటే వయసొక్కటే కాదు. "వద్దు" అన్నప్పుడు వెనక నిలబడే తల్లీ తండ్రీ ఉండడం కూడా.

ఇప్పుడు ఆస్తి సంగతికి వద్దాం. 1956 హిందూ వారసత్వ చట్టం తండ్రి వాటాలో కూతురికి భాగం ఇచ్చింది గాని, పిత్రార్జితంలో కొడుకుతో సమానంగా పుట్టుకతో వచ్చే హక్కు ఇవ్వలేదు. ఆ హక్కు దేశంలో మొదట మన ఆంధ్రప్రదేశే ఇచ్చింది. ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం 1986లో చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నించి అమలైంది. అయితే అందులో ఒక మెలిక ఉంది. ఆ తేదీకి ముందే పెళ్లయిపోయిన కూతుళ్లకు అది వర్తించదు. నా పెళ్లి 1977లోనే అయిపోయిందాయె! పత్రికలో చదివి, "ఎనిమిదేళ్లు ఆలస్యంగా పెళ్లి చేసుకుంటే బాగుండేది" అని మా వారితో హాస్యమాడాను. 2005లో కేంద్రం చట్టం సవరించి పెళ్లైన కూతుళ్లకూ, కాని కూతుళ్లకూ తేడా తీసేసింది. పుట్టుకతో వచ్చే హక్కు కాబట్టి, 2005 నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్న ప్రశ్న కూడా లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది.

మా నాన్నగారు 2008లో పోయారు. అంటే చట్ట ప్రకారం నాకు అన్నదమ్ములతో సమానమైన వాటా ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. ముప్ఫై ఏళ్లు ఫైళ్ల మధ్య బతికినదాన్ని, తెలియదని ఎలా అంటాను? సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు పోయేముందు రోజు అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. పెళ్లిలో నాకు పసుపుకుంకుమ కింద కొంత బంగారం ఇచ్చిన సంగతి గుర్తుచేసింది. "పొలం తీసుకుంటే పొలమే మిగులుతుందే. పుట్టిల్లు మిగలదు" అంది.

అమ్మ మాట అబద్ధం కాదు. వాటా అడిగిన ఆడపడుచులకు గడపలు మూసుకుపోవడం నేను కళ్లారా చూశాను. మా అమ్మకు అప్పుడు డెబ్భై రెండేళ్లు. ఆమె ఉండవలసింది కొడుకుల ఇంట్లో. నేను సంతకం పెట్టింది భయపడి కాదు, త్యాగబుద్ధితోనూ కాదు. మా అమ్మకు ఆ ఇంట్లో రెండు పూటలా ప్రశాంతంగా అన్నం పెట్టాలని. అమ్మ 2014లో పోయేదాకా నేను వెళ్లినప్పుడల్లా వదినలు చేపాట వేసి కూర్చోబెట్టారు, చీర పెట్టారు. నా వాటా ధరకు ఆ అయిదేళ్ల ప్రశాంతి కొన్నాననుకున్నాను. ఖరీదు ఎక్కువా తక్కువా అని ఇప్పటికీ తేల్చుకోలేదు.

మర్నాడు ఈ మాటే మా అమ్మాయికి చెప్పాను. అది కాసేపు మాట్లాడలేదు. తరవాత అంది: "ఇదంతా నాకెప్పుడూ చెప్పలేదేం? నువ్వు చేతకాక పెట్టావనుకున్నాను."

నేను తాతమ్మను కసాయిదనుకున్నట్టే కదా ఇదీ! పక్క తరం ఏం వదులుకుందో మనకు కనిపిస్తుంది. ఎందుకు వదులుకుందో, దానికి ముందు ఏం గెలిచిందో కనిపించదు. ఆ గెలుపు మనం పుట్టేసరికే ఇంట్లో సామానులా ఉంటుంది. మా అమ్మ గొలుసు తాకట్టు పెట్టి గెలిచిన డిగ్రీ నాకు తెలిసి గాలీ నీరూ లాంటిది. నేను ఏడ్చి గెలిచిన ఉద్యోగం మా అమ్మాయికి అంతే. ఇంజనీరింగు చదువుకుంటానన్నా, హైదరాబాదులో ఒంటరిగా ఉండి ఉద్యోగం చేస్తానన్నా నేను అడ్డు చెప్పలేదు సరికదా, వాళ్ల నాన్నతో పోట్లాడి పంపించాను. తీరా అది తనకు నచ్చిన అబ్బాయిని తీసుకొచ్చి నిలబెట్టేసరికి నా నోట వచ్చిన మాటేమిటో మీరు ఊహించే ఉంటారు.

"నీకోసం నేనెంత పోరాడానో తెలుసా?"

ఆ పెళ్లి జరిగి ఇరవై ఏళ్లు దాటింది. అల్లుడు బంగారం. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది.

సెలవులు అయిపోయే ముందు రోజు రాత్రి పెద్ద గొడవ. ఈసారి నాతో కాదు. మనవరాలు భోజనాల దగ్గర నెమ్మదిగా బయటపెట్టింది. కంప్యూటరు చదువు పూర్తి చేస్తుందట గాని, ఆ ఉద్యోగంలోకి పోదట. కడియం వెళ్లి నర్సరీలో మొక్కల పని నేర్చుకుంటుందట. "అమ్మలాగా పొద్దున్న ఎనిమిదికి మొదలెట్టి రాత్రి పది దాకా తెర ముందు కూర్చోలేనమ్మమ్మా" అని నా వంక చూసింది.

మా అమ్మాయి చేతిలో గరిటె ఆగిపోయింది. మొహం ఎర్రబడింది. నేను లోపల్లోపలే ఒకటీ, రెండూ, మూడూ అని లెక్కపెట్టాను.

"నీకోసం నేనెంత పోరాడానో తెలుసా?" అంది మా అమ్మాయి.

నాకు నవ్వాగలేదు. పొలమారి దగ్గు వచ్చింది. మనవరాలికీ కథ తెలుసు కాబట్టి అదీ నవ్వింది. మా అమ్మాయి మా ఇద్దరినీ చూసి ముందు కోపగించుకుని, తరవాత కుర్చీలో కూలబడి తానూ నవ్వింది. నవ్వితే సమస్య తీరిందా? తీరలేదు. కడియం వాదన ఇంకా ఫోన్లలో నడుస్తూనే ఉంది. మా అమ్మాయి భయం ఉత్తదేం కాదు. నెలజీతమనేది ఆడదానికి ఎంత ధైర్యమో నాకూ తెలుసు. మనవరాలి మాటా ఉత్తదేం కాదు. మా అమ్మాయి కళ్ల కింద నలుపు నేను రోజూ చూస్తూనే ఉన్నాను.

వాళ్లు రైలెక్కాక నేను బీరువా తీసి ఆ వీలునామా బయటపెట్టాను. నా పుట్టింట్లో వాటా వదులుకోవడానికి నాకు ఒక కారణం ఉంది, మా అమ్మ అన్నం. మరి కూతురి వాటా నేను ఎందుకు కొట్టేశాను? ఎంత వెతికినా కారణం దొరకలేదు. అలవాటు దొరికింది. వెనకటి తరం మనకిచ్చే వాటిలో కొన్ని ఇలాంటివి. కారణం రాలిపోయి, అలవాటు మాత్రం మిగులుతుంది.

లాయరుగారి దగ్గరికి పోయి ఇల్లు ఇద్దరికీ సమంగా తిరగరాయించాను. అబ్బాయికి నేనే ఫోను చేసి చెప్పాను, వేరేవాళ్ల నోట వినకూడదని. "నీ ఇష్టమమ్మా" అన్నాడు. ఆ తరవాత పదిహేను రోజులు వాడి దగ్గరనించి ఫోను రాలేదు. వాడు చెడ్డవాడు కాదు. మూడేళ్లుగా తనదనుకున్నది సగమైతే ఎవరికైనా కష్టమే. ఆ పదిహేను రోజులూ నాకు మా అమ్మ మాట చెవుల్లో మోగుతూనే ఉంది. పదహారో రోజున ఫోను చేశాడు. బీపీ మాత్రలు వేసుకుంటున్నావా అని అడిగాడు. ఇంటి మాట వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పండక్కి వస్తామన్నాడు.

అమ్మాయికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు. చెబితే ఏమంటుందో తెలుసా? "ఇన్నాళ్లూ వాడి పేరునే ఉందా?" అని మళ్లీ పేచీకి దిగుతుంది.

మనవరాలికి మాత్రం చెప్పాను. మా ఇద్దరికీ పేచీ రాదు కదా!